రాష్ట్రపతి రబ్బరు స్టాంపేనా?

ప్రశ్న: రాష్ట్రపతి పని సంతకాలు పెట్టడమేనా అండీ, సొంతంగా ఏమీ చేయలేరా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: చాలావరకు అంతేనండి. 1976లో రాజ్యాంగానికి చేసిన 42వ సవరణతో కేబినెట్ చెప్పింది వినాల్సిందే అని రాసేశారు, 1978లో 44వ సవరణ వచ్చాక ఒక్కసారి మాత్రం మళ్లీ ఆలోచించండి అని వెనక్కి పంపొచ్చు, అదే మళ్లీ వస్తే ఇక తప్పదు. కానీ బిల్లు మీద సంతకానికి గడువేదీ రాజ్యాంగంలో రాయలేదు కదా, అప్పటి రాష్ట్రపతి జైల్ సింగ్ అక్కడే పట్టుకున్నారు, 1986లో జనం ఉత్తరాలు విప్పి చూసే అధికారం ఇచ్చే పోస్టాఫీసు బిల్లు వస్తే అవుననలేదు కాదనలేదు, అలా పక్కన పెట్టేసి కూర్చున్నారంతే! 1997లో యూపీలో రాష్ట్రపతి పాలన ఫైలుని అప్పటి రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ తిప్పి పంపితే ప్రధాని గుజ్రాల్ సర్కారే తగ్గింది.