లేయర్ కోడి ఎముకల గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

లేయర్ (గుడ్ల కోడి) పిల్లలు దింపుతున్నావని తెలిసి రాస్తున్నాను. మొదటి గుడ్డు రాకముందే ఇది చదువు. ఆ తర్వాతైతే సగం పని చెయ్యి దాటిపోతుంది.

అడవికోడి ఏడాదికి పెట్టేది 10–15 గుడ్లు. తరతరాలుగా ఏరి జతకట్టించి ఆ సంతతి చేత 300కు పైగా పెట్టిస్తున్నాం. ఒక్కో పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది, అంటే కోడి ఒంట్లో ఉన్నదాంట్లో దాదాపు పదో వంతు. పెంకు ఎక్కువగా కట్టేది రాత్రిపూట, దాణా అరిగిపోయిన వేళ. అప్పుడు కోడి తన ఎముకల్లోంచే తీసి పెంకుకు పెడుతుంది.

గుడ్లు మొదలయ్యాక బరువు మోసే గట్టి ఎముక కొత్తగా కట్టుకోదు, ఉన్నది అరుగుతూ పోతుంది. అందుకే పుల్లెట్ వయసే, అంటే ఇంకా గుడ్డు పెట్టని పడుచు కోడి వయసే కీలకం. 12 వారాలకల్లా ఎముకల చట్రం చాలావరకు పెరిగిపోతుంది. వారవారం తూకం వెయ్యి. బరువు అందకుండా లైటు గంటలు పెంచి గుడ్లకు తొందరపెట్టకు. ఎదిగే వయసులో వేసే గ్రోయర్ దాణాలో కాల్షియం 1 శాతం చాలు. అప్పుడే కాల్షియం ఎక్కువుండే లేయర్ దాణా వేస్తే మూత్రపిండాలు చెడి గౌట్ (ఒంట్లో యూరిక్ ఆమ్లం పేరుకునే జబ్బు) వస్తుంది. గుడ్లకు రెండు వారాల ముందు 2–2.5 శాతం, మొదలవగానే 4 శాతం దాకా తీసుకెళ్లు. ఫాస్ఫరస్, విటమిన్ డీ3 తగ్గితే ఇదంతా వృథా.

సున్నపురాయి అంతా పొడిగా వెయ్యకు, పొడి త్వరగా దిగిపోతుంది. 2–4 మిల్లీమీటర్ల ముక్కలు కందనకాయలో నిలిచి రాత్రంతా కరుగుతాయి. మూడింట రెండొంతులు ముక్కలే ఉండాలి, సాయంత్రం మేతలో తప్పకుండా పడాలి.

పెంకు గట్టిగా ఉందని ధీమా పడకు. ఎముకలు గుల్లబారినా కొన్నాళ్లు పెంకు బాగానే వస్తుంది. నెలకోసారి కొన్ని కోళ్లను పట్టి రొమ్ము ఎముక మీద బొటనవేలు, చూపుడువేలు జార్చు. గడ్డ తగిలితే అది చాలావరకు విరిగి అతికిన చోటే, వంకర మాత్రం ఒత్తిడికి వంగినదీ కావచ్చు. ఆ ఎముక వెనక కొస 30 వారాలు దాటినా మెత్తగానే ఉంటుంది, కాబట్టి కోళ్లు కూర్చునే కర్రలు ఎత్తులో కట్టకు. ఎక్కి దిగడానికి వాలు పలక పెట్టు.

కాళ్లు చాపి పడిపోయిన కోడిని ఆ రోజే విడిగా లిట్టర్ (నేల మీద పరిచిన పొట్టు) మీదికి మార్చి, నీళ్లు, దాణా, ఆల్చిప్ప ముక్కలు ముక్కు దగ్గరే పెట్టు. తినగలిగితే చాలావరకు కొద్ది రోజుల్లో లేస్తుంది. లేవకపోతే పశువైద్యుణ్ని పిలువు, బాధతో వదిలెయ్యకు.

గుడ్లు ఆపి అమ్మే రోజు కూడా జాగ్రత్త. రెండు కాళ్లూ కలిపి పట్టి, రొమ్ము కింద చెయ్యి వేసి తియ్యమని కూలీలకు చెప్పు. ఆ వయసు కోడికి ఒంటికాలు పట్టి లాగితే ఎముక విరుగుతుంది.