మనోవర్తి ఇవ్వని తండ్రి దగ్గరకు బాబును పంపడం మానేయవచ్చా?

ప్రశ్న: మాకు విడాకులయ్యాయి. ఎనిమిదేళ్ల బాబు కస్టడీని విజయవాడ ఫ్యామిలీ కోర్టు నాకు ఇచ్చింది. బాబు పోషణకు నెలకు రూ.12,000 ఇవ్వాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద ఒక ఆర్డరు, రెండో, నాలుగో శనివారాలు తండ్రి తీసుకెళ్లి మర్నాడు సాయంత్రం దింపాలని ఇంకో ఆర్డరు ఉన్నాయి. ఆయనది గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం. పదకొండు నెలలుగా ఖాతాలో రూపాయి వేయలేదు. పోయిన నెల బాబును తొమ్మిది రోజులు పంపకుండా, ‘వాడే రానంటున్నాడు’ అని వాట్సాప్‌లో పెట్టారు. పుస్తకాల సంచి నా దగ్గరే ఉండిపోయింది, స్కూల్లో పరీక్షలు పోయాయి. ఇకమీదట బాబును పంపనని చెప్పేయవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ బాధ న్యాయమైనదే గానీ, పంపనని మాత్రం చెప్పకండమ్మా. మనోవర్తి వేరు, బాబును చూసే హక్కు వేరు. ఒకదానికి ఇంకోటి చెల్లువేసుకోవడాన్ని కోర్టులు ఒప్పుకోవు. మీరు ఆపిన రోజున ఆర్డరు మీరినవారిలో మీరూ చేరతారు. పైగా తండ్రితో గడిపే సమయం బాబుకు కూడా చెందినది.

ముందు డబ్బు సంగతి చూడండి, ఎందుకంటే గడువు దగ్గరపడింది. 125వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చినా నిబంధన పాతదే: బకాయి పడిన ఏడాదిలోగా పిటిషన్ వేస్తేనే వసూలుకు వారెంటు ఇస్తారు. అంటే ఇంకో నెల ఆలస్యం చేస్తే మొదటి నెల బకాయి ఈ దారిలో చేజారిపోతుంది. వారెంటు తర్వాత కూడా కట్టకపోతే, బకాయిపడ్డ ఒక్కో నెలకు ఒక నెల వరకు జైలు వేయవచ్చు. జైలుకు వెళ్లొస్తే బాకీ తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదని కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. మనోవర్తి ఆర్డరును డబ్బు డిక్రీలాగా (బాకీ చెల్లించమని సివిల్ కోర్టు ఇచ్చే తీర్పులాగా) అమలు చేయించుకోవచ్చని రజనీష్–నేహా కేసులో 2020లో చెప్పింది. ఆయన జీతగాడు కాబట్టి మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే: మనోవర్తి డిక్రీకి జీతంలో మూడోవంతు మినహాయించి మిగతాది జప్తు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ వీలిస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని, డబ్బు పడని నెలలను వరసగా రాసి లాయరుకివ్వండి.

బాబును ఆపుకున్న విషయంలో, ఆ ఆర్డరిచ్చిన ఫ్యామిలీ కోర్టులోనే అమలు పిటిషన్‌తో పాటు షరతులు మార్చమని కూడా అడగండి. కొన్నాళ్లపాటు రాత్రి బస లేకుండా, కోర్టు ఆవరణలోనో, ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఎదుటో కలవమనవచ్చు. ‘వాడే రానంటున్నాడు’ అన్న ఆ మెసేజి మీకు పెద్ద ఆధారం. దాన్ని చెరిపేయకండి, ఫోను మార్చకండి. కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ ఆధారాలకు కావాల్సిన సర్టిఫికెట్ జతచేయాలి. పరీక్షలు రాయలేదని స్కూలు నుంచి కాగితం తీసుకోండి. బాబును మాత్రం సాక్షిని చేయకండి, ఏం చెప్పాలో నేర్పకండి. అవసరమైతే జడ్జిగారే విడిగా మాట్లాడతారు.

మళ్లీ ఆపుకుంటే ఆ రోజే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. కన్నతండ్రి కాబట్టి పోలీసులు కిడ్నాప్ కేసు కట్టడానికి వెనకాడవచ్చు, అయినా ఆ రసీదు కోర్టులో ఉపయోగపడుతుంది. బాబును ఎక్కడుంచారో చెప్పకపోతే అమరావతిలోని హైకోర్టులో హెబియస్ కార్పస్ (బాబును కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్) వేయవచ్చు. కోర్టు ధిక్కార పిటిషన్ కూడా అక్కడే, ఏడాదిలోగా వేయాలి. కానీ కావాలనే ఉల్లంఘించారని రుజువు చేయాల్సి ఉంటుంది గనుక దాన్ని చివరికి ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం.

లాయరు ఫీజుకు జంకి ఆగిపోకండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కు ఫోన్ చేసినా చాలు. రెండు ఆర్డర్ల సర్టిఫైడ్ కాపీలు వెంట తీసుకెళ్లండి.