మండపం లైట్ల కంట్రోలర్ కాలిపోయిందా? కొత్తది కొనేముందు మొదటి బల్బు దాకా తీగ చూడండి

ప్రశ్న: సార్, మాది కర్నూలు. వినాయక చవితికి మా వీధి మండపం ముందర 12 వోల్టుల పిక్సెల్ లైట్లతో (ప్రతి బల్బు రంగూ విడిగా మారే రకం) ఓంకారం, నెమలి కటౌట్లు పెట్టినాం. ఆ రంగులు ఆడించేది ఎస్‌డీ కార్డుతో నడిచే కంట్రోలర్. రెండో రాత్రి వానొచ్చింది. రంగులు కలగాపులగమై లైట్లన్నీ ఆరిపోయాయి, కంట్రోలర్ దగ్గర కాలిన వాసన వచ్చింది. తెలిసినాయన దగ్గర ఇంకో కంట్రోలర్ తెచ్చి పెడితే అదీ కాసేపటికే పోయింది. లైట్లకు 12 వోల్టులిచ్చే సప్లై డబ్బా, అదే ఎస్ఎంపీఎస్ మీద పచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. స్వామి వినాయక ఘాట్‌కు బయల్దేరడానికి ఇంకా ఆరు రోజులుంది. మూడోది కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. కొని అదే తీగలకు తగిలిస్తే అదీ పోతుంది. రెండు కంట్రోలర్లు ఒకే చోట ఒకే తీరుగా పోయాయంటే తప్పు వాటిలో లేదు, అవతల తీగల్లో ఉంది. ముందు దాన్ని పట్టుకోవాలి. మంచి సంగతేమిటంటే, మీరు రాసిన ఒక్క మాటతో వెతకాల్సిన చోటు బాగా తగ్గిపోయింది. పచ్చ లైటు వెలుగుతూనే ఉందన్నారు కదా, అదే.

పిక్సెల్ దండలో మూడు తీగలుంటాయి. ప్లస్, మైనస్, మధ్యలో రంగుల సంకేతం మోసే డేటా. ప్లస్, మైనస్ నేరుగా కలిస్తే ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, లేదా టిక్ టిక్‌మంటూ పచ్చ లైటు మిణుకుమిణుకుమంటుంది. మీకు అలా జరగలేదు. సప్లై హాయిగా నడుస్తూనే కంట్రోలర్ మాత్రం కాలింది. కాబట్టి 12 వోల్టులు డేటా తీగ మీదికి ఎక్కాయని నా అంచనా. డేటా తీగ మీద నడిచేది 5 వోల్టుల సంకేతం. దాన్ని పంపే చిప్పు కూడా 5 వోల్టులదే. చాలా కంట్రోలర్లలో అది 74హెచ్‌సీ245 అనే ఇరవై కాళ్ల చిప్పు. దాని కాలికి 12 వోల్టులు తగిలితే క్షణం కూడా ఆగదు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. డేటా తీగ దండ మొదలు నుంచి చివరిదాకా ఒకే తీగ కాదు. బావి దగ్గర వరుసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు, ప్రతి పిక్సెల్ లోపల ఉన్న డబ్ల్యూఎస్2811 చిప్పు తనకు రావలసిన 24 బిట్లు, అంటే తన రంగు సమాచారం తీసుకుని మిగతావి పక్కదానికి అందిస్తుంది. అంటే ప్రతి రెండు బల్బుల మధ్య డేటా తీగ వేరే ముక్క. నలభయ్యో బల్బు దగ్గర ప్లస్ వచ్చి డేటాకు తగిలితే ఆ చుట్టుపక్కల బల్బులు పోతాయి, అక్కడి నుంచి చీకటి అవుతుంది. అంతేగాని సాధారణంగా ఆ 12 వోల్టులు వెనక్కి నడుచుకుంటూ కంట్రోలర్ దాకా రావు. మీ రెండు కంట్రోలర్లను తిన్నది కంట్రోలర్ నుంచి మొదటి బల్బు దాకా ఉన్న తీగలోనో, ఆ మొదటి బల్బులోనో ఉంది. లేదంటే మైనస్ తీగ ఎక్కడో ఊడింది.

మైనస్ ఊడితే కంట్రోలర్ ఎందుకు పోతుంది? దండకు వెళ్లే మైనస్ జాయింటు వదులైతే కరెంటు వెనక్కి రావడానికి దారి దొరకక డేటా తీగ గుండా కంట్రోలర్‌లోకి దూరుతుంది. చూడ్డానికి షార్టు ఏమీ కనిపించదు, కంట్రోలర్ మాత్రం పోతుంది. టేపు చుట్టిన జాయింట్లలో ఇది మామూలే. వాన నీళ్లు టేపు కింద చేరి, రాగి పచ్చబడి, పొడి పొడిగా రాలిపోతుంది.

ఇప్పుడు చేతులు పెట్టే ముందు ఒక మాట. మెయిన్స్ ప్లగ్గు పీకండి, స్విచ్ ఆపితే చాలదు. మండపాల్లో హడావిడిగా లాగిన వైరింగులో స్విచ్ న్యూట్రల్ వైపు పడి ఉండడం సాధారణమే. అప్పుడు స్విచ్ ఆపినా ఫేజు లోపల ఉంటుంది. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. 230 వోల్టులు లోపలికి పోయాక అక్కడి కెపాసిటర్లలో సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది, ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది.

తర్వాత కంట్రోలర్‌ను దండ నుంచి పూర్తిగా విడదీయండి. మల్టీమీటర్‌ను బీప్ వచ్చే చోట పెట్టి, దండ మొదట్లో ప్లస్, డేటా తీగల మధ్య చూడండి. బీప్ వస్తే దొరికినట్టే. రాకపోతే అక్కడితో వదిలేయకండి, తడి వల్ల వచ్చే లీకేజీ బీప్ ఇవ్వదు. కంట్రోలర్ లేకుండా దండకు మాత్రం సప్లై ఇచ్చి, మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. నల్ల పిన్ను ఎస్ఎంపీఎస్ మైనస్ మీద, ఎర్ర పిన్ను దండ మొదటి డేటా తీగ మీద. 5 వోల్టులు దాటి కనిపిస్తే ఆ తీగకు ఏ కంట్రోలర్‌నూ తగిలించకూడదు. ఇదే పరీక్షలో నల్ల పిన్ను ఎస్ఎంపీఎస్ మైనస్ మీదే ఉంచి, ఎర్ర పిన్నును దండ మైనస్ మీద ఆనించండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. ఒకటి రెండు వోల్టులు చూపినా మధ్యలో మైనస్ జాయింటు చెడిపోయినట్టే.

కంటితో చూసి పట్టుకోగలిగినవీ ఉన్నాయి. మన దగ్గర కటౌట్లను ఇనుప ఫ్రేము మీద కట్టుతీగతో బిగిస్తారు. ఆ తీగ పిక్సెల్ వైరు పైతొడుగును కోసేస్తుంది. రెండు చోట్ల కోసిందంటే ఫ్రేమే తీగ పని చేస్తుంది, ఒకచోట ప్లస్ తగిలి ఇంకోచోట డేటాకు అందుతుంది. ఎండగా ఉన్నంతకాలం ఏమీ కాకుండా వానొచ్చిన రాత్రే జరగడానికి కారణం ఇదే. నల్లరేగడి దుమ్ము పేరుకున్న చోట నీళ్లు పడితే ఆ బురద కరెంటును బాగానే మోస్తుంది. కట్టుతీగ తీసేసి నైలాన్ ట్యాగులు వాడండి. ఒక్కసారికి కొంచెం ఖర్చు, ఏళ్ల తరబడి నిశ్చింత.

దండ చివరి కొసను కూడా చూడండి. ఆఖరి బల్బు తర్వాత మూడు తీగల ముక్క వేలాడుతూ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అవి ఒకదానికొకటి తగిలితే చివరి బల్బుల చిప్పులు పోతాయి, ప్లస్ మైనస్ కలిస్తే దండ మొత్తం ఆగిపోతుంది. మూడింటినీ వేర్వేరు పొడవుల్లో కత్తిరించి, లోపల జిగురున్న హీట్ స్లీవ్ తొడిగి వేడి చేయండి. మామూలు ఎలక్ట్రీషియన్ టేపు వానకు ఆగదు. బయటి జాయింటుకు అది పనికిరాదని నేను గట్టిగా చెబుతాను.

తీగ బాగయ్యాక మొదటి బల్బును మార్చేయండి. 12 వోల్టులు తగిలిన డేటా తీగకు అటు చివర ఉన్నది అదే కాబట్టి అది బతికి ఉందని నమ్మడానికి లేదు. ఒక పిక్సెల్‌ను కోసి, కొత్తదాన్ని బాణం గుర్తు అదే దిశలో ఉండేలా టంకం పెట్టి అతికించడం టీవీ రిపేరు షాపులో కూడా చేస్తారు. తర్వాత కూడా మధ్యలో ఎక్కడో చీకటి మొదలైతే, వెలగని మొదటి బల్బును మార్చండి. అయినా రాకపోతే దాని ముందు వెలుగుతున్న ఆఖరి బల్బును మార్చండి. పైకి వెలుగుతున్నా, డేటాను ముందుకు పంపే భాగం దానిలో పోయి ఉండొచ్చు.

ఇక పోయిన కంట్రోలర్ల సంగతి. పారేయకండి. పవర్ ఇచ్చి, ఆ ఇరవై కాళ్ల చిప్పులో ఇరవయ్యో కాలికి, పదో కాలికి మధ్య వోల్టేజీ చూడండి. 5 వోల్టులు ఉంటే ఆ 5 వోల్టులను ఇచ్చే రెగ్యులేటర్ బాగున్నట్టు, చిప్పు మార్చితే కంట్రోలర్ తిరిగి లేచే అవకాశం బాగా ఉంది. 5 రాకుండా చిప్పు వేలితో తాకలేనంత వేడెక్కుతుంటే అదే లోపల షార్టయ్యి రెగ్యులేటర్‌ను కిందికి లాగుతోంది, దాన్ని తీసేసి మళ్లీ కొలవండి. అసలు ప్రాసెసర్ చిప్పే పోతే మాత్రం ఆశ వదిలేయాలి. చిప్పు చవకదే. మీ ఊళ్లో దొరక్కపోతే హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు దగ్గర, కడప వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్. రెండోది తెలిసినాయనది కాబట్టి ముందు దాన్నే బాగు చేయించండి.

కొత్తగా పెట్టేటప్పుడు కంట్రోలర్‌కూ మొదటి బల్బుకూ మధ్య డేటా తీగలో ఒక 100 ఓమ్‌ల రెసిస్టర్ వేయమని మెకానిక్‌తో చెప్పండి. 12 వోల్టులు నేరుగా తగిలితే అది పూర్తిగా ఆపదు గాని, చిన్న చిన్న లీకేజీల నుంచి కాపాడుతుంది. ప్రతి దండకు ప్లస్ తీగలో విడిగా 5 యాంపియర్ల బ్లేడ్ ఫ్యూజు పెట్టించండి. బైకుల్లో, కార్లలో వాడే రకమే, ఏ ఆటోమొబైల్ షాపులోనైనా దొరుకుతుంది. ఎర్రది 10 యాంపియర్లు, నీలంది 15, అవి వద్దు. పోయిన ఫ్యూజు బదులు పెద్దది వేయడం, సిగరెట్ రేకు చుట్టడం చేయకండి. అప్పుడు కాలేది తీగ, దాని పక్కనే షామియానా గుడ్డ ఉంటుంది.

మీది కాకుండా, ప్లస్ మైనస్ షార్టయ్యి ఎస్ఎంపీఎస్ టిక్ టిక్‌మనే వాళ్ల కోసం ఒక ఉపాయం. 12 వోల్టుల దండకు ఫ్యూజు ఉండే చోట బండి ఇండికేటర్ బల్బు, 21 వాట్లది, సిరీస్‌లో పెట్టండి. కంట్రోలర్ లేకుండా సప్లై ఇవ్వండి. షార్టు ఉన్నంతసేపు బల్బు ప్రకాశంగా వెలుగుతుంది, 1.75 యాంపియర్లకు మించి నిలకడగా పోనివ్వదు కాబట్టి ఏదీ కాలదు. అలా వెలుగుతుండగానే కనెక్టర్లను మధ్య నుంచి విడదీస్తూ రండి. సగం తీసేస్తే ఇండికేటర్ బల్బు ఆరిందంటే తప్పు తీసేసిన సగంలో ఉంది. మళ్లీ దాన్ని సగం చేయండి. వెయ్యి బల్బుల కటౌట్‌లో కూడా కొద్దిసేపట్లో చోటు తేలిపోతుంది. మీటరు లేనివాళ్లు కూడా చేసుకోవచ్చు.

చివరగా, ఇది మీరు అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. మండపానికి కరెంటు స్తంభం నుంచి కొక్కెం వేసి లాగారా? అలాగైతే వెంటనే తీసేసి, కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. మెయిన్ దగ్గర 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి, మండపం ఇనుప పైపులకు, ఎస్ఎంపీఎస్ డబ్బాకు ఎర్తు ఇప్పించండి. 12 వోల్టులు మనిషిని ఏమీ చేయవు. కాని తడిసిన ఎస్ఎంపీఎస్ గుండా 230 వోల్టులు ఆ ఫ్రేముకు ఎక్కితే, పిల్లలు చేతులు పెట్టేది ఆ పైపుల మీదే. ఎస్ఎంపీఎస్‌ను నేల మీద కాకుండా ఎత్తులో, పైన రేకు ఉన్న చోట, గాలి ఆడేలా పెట్టండి. పాలిథిన్ కవరులో చుట్టి కట్టేస్తే నీళ్లు రావు గాని వేడికి పోతుంది.

ప్రశ్న: గుంతకల్లు నుంచి రాస్తున్నాను. 5 వోల్టుల పిక్సెళ్లు 200 ఒకే దండగా కలిపాను. తెల్ల రంగు పెడితే మొదట్లో తెల్లగా, మధ్యలో పసుపుగా, చివర్లో ఎర్రగా వస్తోంది. కంట్రోలర్ లోపమా?

జవాబు: కాదు, వోల్టేజీ తగ్గిపోతోంది. ఎర్ర ఎల్ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు, పచ్చ, నీలం ఎల్ఈడీలకు 3 దాకా కావాలి. సన్నటి తీగల్లో వోల్టేజీ తగ్గేకొద్దీ ముందు నీలం, తర్వాత పచ్చ నీరసిస్తాయి, ఎర్ర ఒక్కటే మిగులుతుంది. ఒక 5 వోల్టుల పిక్సెల్ పూర్తి తెలుపులో 60 మిల్లీయాంపియర్ల దాకా లాగుతుంది. 200 అంటే 12 యాంపియర్లు, ఆ తీగలు మోయలేవు. ప్రతి 50 బల్బులకూ ఎస్ఎంపీఎస్ నుంచి మందపాటి ప్లస్, మైనస్ తీగలు తెచ్చి కలపండి, డేటా తీగను ముట్టుకోవద్దు. రెండు ఎస్ఎంపీఎస్‌లు వాడితే మైనస్‌లు రెండూ కలపాలి. ప్లస్‌లు మాత్రం కలపకూడదు, రెండో సప్లై మొదలయ్యే చోట దండ ప్లస్ తీగను కోసి విడదీయాలి. తెలుపును తగ్గించి వెలుగును 30 శాతం దగ్గర పెట్టుకున్నా రాత్రిపూట చాలు.

ప్రశ్న: కడపలో మా చర్చి క్రిస్మస్ నక్షత్రానికి ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు మీద, పిక్సెల్ లైట్లను ఫోన్‌తో నడిపే డబ్ల్యూఎల్ఈడీ సాఫ్ట్‌వేర్ వేశాను. ఫోన్‌లో వెలుగు నూరు శాతం పెట్టినా లైట్లు మసకగానే ఉన్నాయి. అప్పుడప్పుడు మొదటి కొన్ని బల్బులు వాటంతట అవే రంగులు మారుస్తున్నాయి.

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. మసకకు కారణం ఆ సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టి ఉన్న కరెంటు పరిమితి. ఎల్ఈడీ సెట్టింగుల్లోకి వెళితే 850 మిల్లీయాంపియర్లు అని ఉంటుంది. మీ సప్లై 10 యాంపియర్లదైతే అక్కడ 8000 అని రాయండి, సప్లై మోయగలిగినదానికి మించి రాయకండి. రంగులు మారడానికి కారణం, ఆ బోర్డు 3.3 వోల్టుల సంకేతం ఇస్తుంటే 5 వోల్టుల పిక్సెల్ కనీసం 3.5 కోరుతుంది. మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 చిప్పు పెడితే సంకేతం 5 వోల్టులకు లేస్తుంది. బోర్డును నక్షత్రం దగ్గరకే చేర్చి, డేటా తీగను ఒకటి రెండు మీటర్లకు మించకుండా ఉంచండి. బోర్డు మైనస్, సప్లై మైనస్ కలిశాయో లేదో అన్నిటికంటే ముందు చూడండి.