గుడ్డు మీద రూపాయి పెరిగితే ఎగ్ రైస్ మీద పది ఎందుకు?

మీరు అడిగింది ఇది: "మా వీధి చివర ఫాస్ట్ ఫుడ్ బండి మీద డబుల్ ఎగ్ రైస్ 70 నుంచి 80 చేశారు. అదేమంటే గుడ్ల రేటు పెరిగిందంటున్నారు. గుడ్డుకి రూపాయి పెరిగితే ప్లేటుకి రెండు కదా పెరగాలి?"

గుడ్ల వరకు మీ లెక్క సరిగ్గానే ఉంది. చలికాలం వచ్చేసరికి మన కోళ్ల ఫారాల గుడ్లు బెంగాల్‌, అస్సాం, బీహార్ వైపు లారీలెక్కుతాయి, ఇక్కడ రేటు ఎక్కుతుంది. అది ఏటా ఉండేదే. బండివాళ్లు గుడ్డు పేరు చెప్పడానికి కారణం వేరే. గుడ్డు రేటు అందరికీ తెలుసు, చెప్పగానే నమ్ముతారు. నూనె డబ్బా సంగతి, హోటళ్లు వాడే నీలం (కమర్షియల్) గ్యాస్ సిలిండర్ సంగతి చెబితే వినే ఓపిక ఎవరికుంది?

ఒక ప్లేటు లెక్క వేద్దాం. ఏ ఊరి రేట్లు ఆ ఊరివి, మీ ఊరి అంకెలు మీరు పెట్టుకోండి.

బియ్యం 150 గ్రాములు. కిలో 56 అనుకుంటే ఎనిమిదిన్నర. రెండు గుడ్లు, ఆరున్నర చొప్పున 13. నూనె 35 మిల్లీలీటర్లు, 5 రూపాయలు. క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు కలిపి 4. సోయా సాస్, వెనిగర్, మిరియాల పొడి వగైరా 3. ఇక్కడికి 33.50 అయింది, ఇంకా పొయ్యి వెలిగించలేదు. 19 కిలోల సిలిండర్ రెండు వేలు అనుకుంటే, అన్నం వండటంతో కలిపి 250 ప్లేట్లు లాగుతుంది, అంటే ప్లేటుకి 8. పార్సిల్ డబ్బా, కవరు, సాస్ ప్యాకెట్ 6. వండే మాస్టర్‌కి రోజుకి వెయ్యి, హెల్పర్‌కి ఆరు వందలు, వంద ప్లేట్లు అమ్మితే ప్లేటుకి 16. అద్దె, కరెంటు, నీళ్ల క్యాన్లు, మిగిలిపోయి పారబోసేది కలిపి 6. మొత్తం 69.50. డెబ్బైకి అమ్మితే ఓనర్‌కి అర్ధ రూపాయి. ఎనభైకి అమ్మితే పదిన్నర.

అదీ వంద ప్లేట్లు పోతేనే. వాన పడి అరవై ప్లేట్ల దగ్గర ఆగిపోయిందనుకోండి, జీతాలు తగ్గవు కాబట్టి 16 కాస్తా దాదాపు 27 అవుతుంది, అద్దె వగైరా 6 వెళ్లి 10 అవుతుంది. ఎనభైకి అమ్మినా ప్లేటుకి నాలుగు రూపాయలు చేతి నుంచి పడతాయి. రేటు పెంచితే జనం తగ్గుతారేమోనని బండివాళ్లు భయపడేది ఇందుకే. ఐదారు నెలలు ఓర్చుకుంటారు, రెండేసి, మూడేసి రూపాయలు పోగుపడనిచ్చి ఒకేసారి పది పెంచుతారు. 73, 76 అని ఫ్లెక్సీ మీద రాసేవాళ్లు ఉండరు.

నన్నడిగితే ఈ మొత్తంలో అసలు చూడాల్సింది నూనె. 2024 సెప్టెంబర్‌లో జరిగింది గుర్తు చేసుకోండి. సెప్టెంబర్ 14 నుంచి ముడి పామాయిల్‌, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద దిగుమతి సుంకం సెస్సులతో కలిపి 5.5 శాతం నుంచి 27.5కి, రిఫైన్డ్ నూనెల మీద 13.75 నుంచి 35.75కి పెరిగింది. నూనెగింజలు పండించే రైతుకి ధర రావాలనే ఉద్దేశం, అది తప్పని అనను. కానీ దేశంలో అప్పటికే తక్కువ సుంకంతో వచ్చిన నిల్వ దాదాపు 30 లక్షల టన్నులు ఉంది, నెలన్నర వాడకానికి సరిపోయేంత. ఆ సరుకు అయ్యేదాకా పాత ఎమ్మార్పీనే ఉంచమని కేంద్రం కంపెనీలకు చెప్పింది కూడా. అయినా దసరా ముంగిట డబ్బా రేటు ఎక్కి కూర్చుంది, లీటరుకి ఇరవై పైనే. 2025 మే 30న ముడి నూనెల మీద సుంకం 16.5కి తగ్గించారు. ఏ బండి మీదైనా ప్లేటు పది తగ్గిందా? తగ్గలేదు. ఈలోపు జీతమో అద్దో చికెనో ఇంకొకటి పెరిగి ఆ ఖాళీ పూడ్చేసింది.

ఎగ్ రైస్‌లో నూనె ఐదు రూపాయలే కదా అంటారేమో. మంచూరియా, చికెన్ పకోడీ, చికెన్ 65 వేయించే కడాయి దగ్గర నిలబడి చూడండి. కనీసం ఐదు లీటర్ల నూనె పోస్తే గానీ ముక్క మునిగి వేగదు. 175-180 డిగ్రీల దగ్గర ఉంటే ముక్క త్వరగా పైపొర కట్టుకుంటుంది, నూనె పెద్దగా తాగదు. గ్యాస్ ఆదా చేద్దామని మంట తగ్గించి, ఒకేసారి కిలోన్నర ముక్కలు దించితే వేడి పడిపోతుంది, ముక్క నూనె పీలుస్తుంది. అక్కడ గ్యాస్ మీద మిగిలిన రూపాయి నూనె మీద మూడై పోతుంది. రాలిన మైదా, కార్న్‌ఫ్లోర్ అడుగున మాడి నూనెను నల్లబరుస్తాయి. పిండిలో కలిపిన ఉప్పు, రంగు దాన్ని ఇంకా త్వరగా పాడు చేస్తాయి. మొదట రంగు ముదురుతుంది, తర్వాత చిక్కబడుతుంది, తర్వాత సన్నటి నురగ కట్టి ముక్క తీసినా తగ్గదు, చివరికి మామూలు మంటకే పొగ లేస్తుంది. నురగ ఆగని దశలో ఆ నూనె పారేయాల్సిందే. నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ కాగి చెడినప్పుడు పెరిగేవి) 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన 2018 జూలై నుంచి ఉంది.

డబ్బా రేటు పెరిగినప్పుడు మొదట జరిగేది రేటు పెంచడం కాదు, ఈ పారేయాల్సిన నూనెలో లీటరు కొత్తది కలిపి మళ్లీ పొయ్యి మీద పెట్టడం. పాడైన నూనెలో కొత్త నూనె పోస్తే కొత్తది కూడా త్వరగా పాడవుతుంది. పొదుపు చేయాలంటే దారి వేరే ఉంది: గంటకోసారి సన్న జాలీతో నలకలు తీసేయడం, రాత్రి చల్లారాక గుడ్డలో వడకట్టి మూత పెట్టడం, రంగు వేసే 65కి చిన్న కడాయి వేరుగా పెట్టుకోవడం. ఇవి చేసేవాళ్లు పది రూపాయలు ఎక్కువ అడిగినా ఇవ్వండి, ఆరోగ్యం మీది.

నూనె కొనేటప్పుడే మోసపోయేవాళ్లూ ఉన్నారు. 15 లీటర్ల డబ్బా, 15 కిలోల డబ్బా ఒకటి కాదు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు, కాబట్టి 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13.65 కిలోలే. రేటు పోల్చేటప్పుడు కిలోకి ఎంత పడిందో చూడాలి. ఇళ్లకు కొనే ప్యాకెట్లదీ ఇదే కథ, లీటరు ప్యాకెట్ అనుకుని 750 గ్రాములది తెచ్చుకుంటున్నారు.

బియ్యంలో కూడా ఇలాంటి తప్పే చేస్తారు. కిలోకి ఐదారు రూపాయలు తక్కువని కొత్త బియ్యం తెస్తారు. పాత సోనామసూరి కిలోకి మూడు కిలోల దాకా అన్నం అవుతుంది, పొడిపొడిగా ఉంటుంది. కొత్త బియ్యం ముద్దవుతుంది, కడాయికి అంటుకుంటుంది, మాస్టర్ ఇంకో గరిటె నూనె పోస్తాడు. బియ్యంలో మిగిలింది నూనెలో పోయింది, పైగా రైస్ జిడ్డు.

చికెన్ విషయంలో ఒక్క లెక్క తెలిస్తే చాలు. బతికున్న కోడి కిలోకి బోన్‌లెస్ 450 గ్రాముల దగ్గర తేలుతుంది. అందుకని లైవ్ రేటు 30 పెరిగితే బోన్‌లెస్ 65 దాకా పెరుగుతుంది. ప్లేటుకి 80 గ్రాములు వేస్తే ఐదు రూపాయల పైన. ఎండలకు కోళ్లు చచ్చిపోయే మే నెలలో ముక్కలు చిన్నవి కావడం, పిండి మందం కావడం గమనించే ఉంటారు. కార్తీకంలో చికెన్ రేటు దిగినప్పుడు ముక్క మళ్లీ పెద్దదవుతుందా అంటే, కొందరి దగ్గరే.

టమాటా మాత్రం ఈ బండ్లను పెద్దగా తాకదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో రెండొందలకు దగ్గరగా పోయినప్పుడు మెక్‌డొనాల్డ్స్ ఉత్తర, తూర్పు భారతంలో చాలాచోట్ల బర్గర్ల నుంచి టమాటా తీసేసింది. మన టిఫిన్ సెంటర్లలో ఎర్ర చట్నీ మాయమైంది. ఫ్రైడ్ రైస్‌లో టమాటా లేదు కాబట్టి ఏమీ కాలేదు. ఉల్లి పెరిగితే పక్కన ఉల్లిపాయల బదులు క్యాబేజీ తురుము, నిమ్మచెక్క సగానికి సగం.

ఇంకొక మాట. ఇంటి గ్యాస్ మీద జీఎస్టీ 5 శాతం, కమర్షియల్ మీద 18. రేటు కూడా సాధారణంగా ఒకటో తారీఖున మారుతుంది. అందుకే కొందరు ఇంటి గ్యాస్ ఎర్ర సిలిండర్ చాటుగా పెట్టి నడిపిస్తారు. ఇది చట్టవిరుద్ధం, పైగా ఇంటి స్టవ్వుకి ఉద్దేశించిన రెగ్యులేటర్, పైపులతో హై ప్రెజర్ బర్నర్ నడపడం ప్రమాదం. నీలం సిలిండర్ పెట్టుకుని నిజాయితీగా అమ్మేవాడు ఇలాంటి వాడి పక్కన పది రూపాయలు ఎక్కువ చెప్పాల్సి వస్తోంది, మనం వాణ్నే బేరమాడుతున్నాం. ఇది నాకు నిజంగా బాధ.

అదే ప్లేటు యాప్‌లో 115 ఎందుకని కూడా అడగబోతారు. కమిషన్ 25 శాతం అనుకోండి, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 29.5. చేతికి 80 రావాలంటే 113.50 దగ్గర పెట్టాలి. ఆఫర్ ఇస్తే అందులో భాగం చాలాసార్లు హోటల్ జేబులోంచే. మీ వీధి చివరే బండి ఉందన్నారు కాబట్టి, ఇంటి నుంచి స్టీలు డబ్బా పట్టుకుని నడిచి వెళ్లండి. పార్సిల్ ఖర్చు ఆరు రూపాయలు మిగుల్తుంది కాబట్టి ఐదు తగ్గించమని అడగొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు. ఆ నిలబడ్డ ఐదు నిమిషాల్లో పక్క కడాయిలో నురగ కూడా చూసి రండి.