రీబిల్డ్ చేసిన గ్రాండ్ పియానోలో ట్రెబుల్ మొద్దుగా పలుకుతుంటే

తొమ్మిదడుగుల గ్రాండ్‌కి పిన్‌బ్లాక్ (తీగలు బిగించే చీలలు దిగిన చెక్క), తీగలు, హ్యామర్లు (తీగను కొట్టే, ఫెల్ట్ చుట్టిన సుత్తులు) కొత్తవి వేయించి, సౌండ్‌బోర్డ్ (తీగల మోతను పెంచే చెక్క పలక) మాత్రం పాతదే ఉంచారు. ఇప్పుడు ట్రెబుల్‌లో, అంటే పై స్థాయి స్వరాల్లో, ఐదో ఆక్టేవ్ మొద్దుగా పలికి చప్పున ఆరిపోతోంది, కొన్ని స్వరాలు వాటంతటవే హెచ్చుతూ తగ్గుతూ ఊగుతున్నాయి. ఫెల్ట్ మెత్తబడేలా హ్యామర్లకు సూదులు గుచ్చించాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. మొద్దుగా ఉన్నదాన్ని సూది ఇంకా మొద్దుబారుస్తుంది. వదులైన ఫెల్ట్ మళ్లీ మునుపటిలా బిగుసుకోదు.

ముందు తప్పు ఏ వైపు ఉందో తేల్చుకోండి. కీ నెమ్మదిగా నొక్కి పట్టి, తీగను గోటితో మీటండి. మీటితే చాలాసేపు మోగి, వాయిస్తే ఆరిపోతే తప్పు హ్యామర్‌ది. మీటినా ఆరిపోతుంటే బ్రిడ్జి (తీగ కదలికను సౌండ్‌బోర్డ్‌కు చేర్చే చెక్క దిమ్మె), సౌండ్‌బోర్డ్‌ల వైపు చూడాలి.

హ్యామర్ వైపు మొదట చూడాల్సింది, ఒక్కో స్వరానికి ఉండే మూడు తీగలకూ అది ఒకేసారి తగులుతోందా అన్నది. డ్యాంపర్ (తీగ మోతను ఆపే ఫెల్ట్ మెత్త) లేపి, హ్యామర్‌ను తీగలకు మెల్లగా ఆనించి ఒక్కొక్కటే మీటండి. ఏ తీగ మోగితే దానికి హ్యామర్ అందట్లేదన్నమాట. ముందు తీగలను ఒక మట్టానికి తేవాలి, హ్యామర్ అరగదీయడం ఆ తర్వాతే. ఇది తిరగేసి చేసేవాళ్లే ఎక్కువ.

తర్వాత దెబ్బ పడే చోటు. చిట్టచివరిదైన 88వ స్వరానికి తీగ పలికే పొడవు సుమారు 5 సెం.మీ. మాత్రమే, కాబట్టి అక్కడ 1 మి.మీ. తేడా కూడా వినిపిస్తుంది. చీక్ బ్లాకులు (కీబోర్డు రెండు చివర్ల ఉండే దిమ్మెలు) తీసి, కీఫ్రేమ్‌ను (కీలు కూర్చున్న చట్రాన్ని) కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ జరుపుతూ వినండి. తంబురాకు జీవాళి సర్దుతున్నట్టే ఉంటుంది, సరైన చోట స్వరం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఇవన్నీ సరిగ్గా ఉండి ఇంకా మొద్దుగానే ఉంటే, అప్పుడు హ్యామర్ భుజాలకు (కొనకు రెండు పక్కలా ఉండే ఫెల్ట్‌కు) పలచని లాకర్ (ఫెల్ట్‌ను గట్టిపరిచే ద్రవం) కొన్ని చుక్కలు వేసి, కనీసం ఒక రోజు ఆరనిచ్చాకే వినాలి. తడి మీద విని ఇంకాస్త పోస్తే మర్నాటికి రేకు డబ్బా మోతే.

ఊగే స్వరానికి ఆ ఒక్క తీగనే మోగనిచ్చి, బ్రిడ్జి పిన్నును (బ్రిడ్జి మీద తీగను పట్టి ఉంచే చీలను) స్క్రూడ్రైవర్‌తో పక్కకు అదిమి చూడండి. ఊగడం ఆగితే పిన్ను వదులు. పిన్ను మొదట్లో పలచని సూపర్ గ్లూ చుక్క చాలు. తీగను బ్రిడ్జి మీద కూర్చోబెట్టడానికి ఇత్తడి కడ్డీతో సుతారంగా తట్టండి, గట్టిగా కొడితే చెక్క నలిగి అదే రోగం తిరగబెడుతుంది.

మీటినా ఆరిపోయే చోట సౌండ్‌బోర్డ్ కింద, పొడవైన పక్కబద్ద (బోర్డు అడుగున అతికించిన చెక్క బద్ద) వెంట దారం బిగించి లాగండి. మధ్యలో 1-2 మి.మీ. సందు కనిపిస్తే బోర్డుకు ఇంకా ఒంపు ఉన్నట్టే. బ్రిడ్జి మీద తీగ కిందికి వంగే కోణం ట్రెబుల్‌లో 1 నుంచి 1.5 డిగ్రీలు ఉంటే బాగు. సున్నా అయితే తీగ బలం బోర్డుకు చేరదు, మరీ ఎక్కువైతే బోర్డు గొంతు నొక్కినట్టవుతుంది. పాత బోర్డు మీద కోణం కొలవకుండా ప్లేటు (తీగల బిగువు మోసే ఇనుప చట్రం) బిగించేస్తే జరిగేది ఇదే. దాన్ని సరిచేయడం తీగలు విప్పకుండా అయ్యే పని కాదు. రీబిల్డ్ చేసినవాళ్లను పిలిచి, మీ ముందే గేజ్ పెట్టి కొలవమనండి.