మసిగుడ్డ ఒక్కటే పెట్టుకోకు

ఒరేయ్ చిన్నా,

శనివారం రాత్రి నీ ఇంట్లో పన్నెండు మందికి భోజనం పెడుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. బయట నుంచి ఏమీ తెప్పించడం లేదట, వంటంతా నువ్వే చేస్తావట. వినగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. స్టూలెక్కి నా పక్కన నిలబడి "పెద్దమ్మా, నేను కలుపుతా" అని గరిటె లాక్కునేవాడివి. ఆ పిల్లాడు ఇప్పుడు నలుగురినీ పిలిచి వండి పెట్టేంత వాడయ్యాడు.

ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నీ చేతివంట మీద నాకు అనుమానం లేదు. నా టెన్షనంతా నీ వంటగది గురించే. మొన్న వచ్చినప్పుడు చూశాను కదా. గట్టు మీద రెండు గిన్నెలు పెడితే మూడోదానికి చోటుండదు. సింకు చిన్నది. పొయ్యి పక్కన మేకుకు ఒకే ఒక్క మసిగుడ్డ, అదీ తడితడిగా వేలాడుతోంది. దానితోనే గట్టు తుడిచావు, దానితోనే వేడి గిన్నె దింపావు, దానితోనే నాకు గ్లాసు తుడిచి మంచినీళ్లిచ్చావు. అప్పుడే చెబుదామనుకున్నాను. నీ ముఖంలో సంతోషం చూసి ఊరుకున్నాను. ఇప్పుడిక ఊరుకోలేను, అందుకే ఈ ఉత్తరం.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. శుక్రవారం రాత్రే ఫ్రిజ్‌లో పాతవన్నీ తీసేసి రెండు అరలు ఖాళీ పెట్టుకో. శనివారం వంట మొదలుపెట్టేసరికి సింకులో ఒక్క చెంచా కూడా ఉండకూడదు, చెత్తబుట్ట ఖాళీగా ఉండాలి. గట్టు మీద రోజూ ఉండే డబ్బాలూ సీసాలూ ఆ ఒక్కరోజుకి పడగ్గదిలో పెట్టెయ్. తరిగే పనంతా ముందు చేసుకుని, తొక్కలు అప్పటికప్పుడు బుట్టలో వేసెయ్. పొయ్యి మీద ఏదైనా ఉడుకుతున్న పది నిమిషాలూ ఫోన్ పట్టుకోకుండా అప్పటిదాకా పడ్డ గిన్నెలు కడిగెయ్. పక్కన ఒక టబ్బులో వేడి సబ్బునీళ్లు పెట్టుకుంటే గరిటెలు, స్పూన్లు అందులో నానుతుంటాయి. కత్తులు మాత్రం అందులో వెయ్యకు. నురుగు కింద కత్తి కనపడదు, చెయ్యి పెట్టగానే కోసుకుంటుంది. వేయించగా మిగిలిన నూనె సింకులో పొయ్యకు, జిడ్డు పైపులో పేరుకుని సరిగ్గా మనుషులు వచ్చే వేళకు నీళ్లు నిలబడతాయి. మూకుడు చల్లారాక కాగితంతో తుడిచి, ఆ కాగితం చెత్తలో వేసి, అప్పుడు కడుగు.

ఇంకొకటి. ఆరు రకాలు చేస్తానన్నావట. ఎందుకురా? ఒక్కో రకానికీ ఒక గిన్నె, ఒక గరిటె, ఒక మూత, ఒక వడ్డించే పాత్ర. లెక్కేసుకో, నీ గట్టు మీద పడతాయా? మూడు రకాలు చెయ్యి, నిండుగా చెయ్యి. రకాలు తగ్గాయని నిన్ను ఎవరూ తక్కువ చెయ్యరు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. మీ పెదనాన్న ఆఫీసు వాళ్లను పిల్లాపాపలతో సహా భోజనానికి పిలిచారు. పెద్దవాళ్లు పదిమంది, పిల్లలు ముగ్గురు. నా కాపురం మొదటిసారి నలుగురి కంట్లో పడే రోజు. రెండు రోజుల ముందు నుంచే తోమాను. పొయ్యి వెనక గోడ మీద పాత జిడ్డు కూడా గీకి తీశాను. వంటగది శుభ్రంగా ఉంటేనే ఆడపిల్లకు గౌరవమని నమ్మినదాన్ని అప్పుడు. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. వంటగది అందరిదీ, నీదీ, మీ నాన్నదీ కూడా.

ఆ సాయంత్రం చికెన్ కడిగాను. కుళాయి కింద పెట్టి గట్టిగా కడిగాను, అదే శుభ్రమనుకుని. నీళ్లు చింది పక్కనే బోర్లించిన ప్లేట్ల మీద పడ్డాయి. చెక్కపలక మీద ముక్కలు కోస్తే ఎర్రనీళ్లు గట్టు మీదుగా కారాయి. భుజం మీద మసిగుడ్డ ఉంది. దానితో గట్టు తుడిచి, కుళాయి కింద రెండుసార్లు పిండి, మళ్లీ భుజాన వేసుకున్నాను. గుడ్డ తెల్లగానే ఉంది, సబ్బు వాసన కూడా వస్తోంది.

ఎనిమిదింటికి బెల్ మోగింది. ప్లేట్లు చూస్తే వాటి మీద నీటి మరకలు. అయ్యో అనుకుని అదే గుడ్డతో పదమూడు ప్లేట్లూ ఒక్కొక్కటే తుడిచాను. ఒక్కో ప్లేటు దీపం వైపు ఎత్తి పట్టుకుని, ఇంకా మరక ఉందేమోనని తిప్పి తిప్పి చూసి, మళ్లీ తుడిచి పెట్టాను. ఆ ప్లేట్లు అద్దాల్లా మెరిశాయిరా. వచ్చినావిడ ఒకరు వంటగదిలోకి తొంగి చూసి "ఎంత శుభ్రంగా పెట్టుకున్నావమ్మా" అన్నారు. ఆ మాటకు రాత్రంతా గాల్లో తేలాను.

మర్నాడు రాత్రి ఆవిడ ఇంటి నుంచే ఫోన్. వాళ్ల నాలుగేళ్ల పాపకు ఆగకుండా వాంతులు, విరేచనాలు, ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆస్పత్రిలో చేర్చారు. ఇంకో ముగ్గురు పెద్దవాళ్లకు కూడా కడుపు పాడైంది గానీ వాళ్లు ఇంట్లోనే తట్టుకున్నారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లాను. పాప మంచం మీద వాడిపోయి ఉంది. సెలైన్ సూది కదలకుండా చిన్న చేతి కింద అట్టముక్క పెట్టి టేపు చుట్టారు. చెయ్యి కంటే ఆ అట్టే పెద్దగా ఉంది. పెదాలు ఎండి తెల్లగా పగిలాయి. ఏడుద్దామని నోరు తెరుస్తోంది గానీ కన్నీళ్లు రావడం లేదు. ఒంట్లో నీరు అంతగా తగ్గిపోయిందన్నమాట.

డాక్టరు ఏం తిన్నారని అడిగితే మెనూ అంతా చెప్పాను. అన్నీ బాగా ఉడికాయని కూడా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఉడికాక ఆ వంటను ఏమేం తాకాయో గుర్తు తెచ్చుకోండి" అన్నారు, అంతే. అక్కడే వరండాలో బెంచీ మీద కూర్చుని గుర్తు తెచ్చుకున్నాను. చికెన్, పలక, గట్టు, గుడ్డ, ప్లేటు. వంట వేడికి చావాల్సిన బ్యాక్టీరియాను నా చేత్తో నేనే బతికుండగా పళ్లెం మీద పూశాను. పరీక్షలు చేసి ఆ గుడ్డే కారణమని ఎవరూ తేల్చలేదు. తేల్చాల్సిన అవసరం నాకు కనపడలేదు.

లోపలికి వెళ్లి ఆ తల్లికి జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను మందులు తెచ్చుకోవాలి, పాపకు చెంచాతో కొంచెం కొంచెం నీళ్లు పట్టు" అని నన్ను మంచం దగ్గర కూర్చోబెట్టి వెళ్లింది. చెంచా పట్టుకోబోయేముందు ఆ ఆస్పత్రి కుళాయి దగ్గర ఎన్నిసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నానో నాకే తెలియదు. పాప మూడోరోజు లేచి కూర్చుంది. అప్పటి నుంచి ఇవాళ్టి వరకు నేను ప్లేటును గుడ్డతో తుడవలేదు. కడిగి స్టాండులో నిలబెడతాను, అదే ఆరుతుంది. మరక ఉంటే ఉండనీ.

కాబట్టి చిన్నా, ఆ రోజుకి నీ దగ్గర పది గుడ్డలుండాలి. పచ్చి మాంసం, గుడ్లు తగిలిన చోట అసలు మసిగుడ్డే వాడకు. కాగితంతో తుడిచి పారేసి, తర్వాత వేడి సబ్బునీళ్లతో కడుగు. గట్టుకు ఒక గుడ్డ, చేతులకు ఒకటి, వేడి గిన్నెలు పట్టుకోవడానికి పొడిది ఒకటి. ఏది తడిసి ముద్దయినా బట్టల బుట్టలో పడేసి కొత్తది తీసుకో. చికెన్ కడగకు, నేను చేసిన తప్పు అదీ ఒకటి. కడిగితే బ్యాక్టీరియా పోదు, చింది చుట్టూ పడుతుంది. దాన్ని చంపేది వేడే. ముక్క లోపలి దాకా 70 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నీ దగ్గర వంట థర్మామీటర్ ఉంటే గుచ్చి చూడు, లేకపోతే పెద్ద ముక్క ఒకటి విరిచి చూడు, ఎరుపు, ఎర్రనీరు కనపడకూడదు. మాంసానికి ఒక పలక, పచ్చిగా తినేవాటికి ఇంకో పలక. ఒకటే ఉంటే పచ్చిగా తినేవి ముందు కోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాకే మాంసం బయటికి తియ్యి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్దుకో. ఆ చేతుల్తోనే కుళాయి తిప్పుతావు, ఫ్రిజ్ తలుపు లాగుతావు, ఫోన్ ఎత్తుతావు, అవి కూడా తుడవాలి.

గిన్నెలు తోమే ఆ పసుపు స్పాంజి శుక్రవారమే పారేసి కొత్తది పెట్టు. మీ అన్న ఒకసారి చదివి వినిపించాడు. 2017లో జర్మనీలో ఇళ్లల్లో వాడేసిన 14 స్పాంజిలను పరీక్షిస్తే, కొన్ని చోట్ల ఒక్క ఘన సెంటీమీటరులో 5,000 కోట్ల దాకా బ్యాక్టీరియా ఉన్నాయట. మేము దాన్ని రోజూ శుభ్రం చేస్తామన్న వాళ్ల స్పాంజిల్లోనూ తక్కువేమీ లేవట. అన్నీ రోగం తెచ్చేవి కాకపోవచ్చు. కానీ వారానికొకటి మార్చడానికి మనకేం కష్టం?

ఈ వారంలో నీకే వాంతులో విరేచనాలో పట్టుకుంటే మొహమాటపడకుండా అందరికీ ఫోన్ చేసి వాయిదా వెయ్యి. తగ్గాక కూడా 48 గంటల దాకా పదిమందికి వండకు. వాళ్లు ఏమనుకుంటారోనని మాత్రలు మింగి పొయ్యి దగ్గర నిలబడే రకం నువ్వు. చిన్నప్పుడు జ్వరం దాచిపెట్టి పరీక్షకు వెళ్లినవాడివి. నాకు బాగా గుర్తుంది.

ఇంకో మాట కోపంగానే చెప్తాను. గట్టు మరకలు పోవడానికి రెండు రకాల క్లీనర్లు కలిపి పోశానని, కళ్లు మండాయని నవ్వుతూ మీ అమ్మకు చెప్పావట. నవ్వే విషయమా అది? బ్లీచింగులో యాసిడ్ ఉన్నది ఏది కలిసినా, అది వెనిగర్ అయినా, బాత్రూం కడిగేదయినా, క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అమోనియా ఉన్నది కలిసినా విషవాయువే వస్తుంది. కిటికీ కూడా సరిగ్గా తెరుచుకోని ఆ చిన్న గదిలో నువ్వొక్కడివే ఉంటావు. ఒకసారి ఒక్కటే వాడు. సబ్బునీళ్లు చాలు నాన్నా, మరక పోకపోతే పోనీ. నీ ఊపిరి కంటే ఆ గట్టు ఎక్కువ కాదు.

వాళ్లొచ్చాక ఇక వంటగదిలో నిలబడకు. అంట్లన్నీ ముందే తోమేసి కూర్చుందామనుకుంటావు, నేనూ అలాగే చేసేదాన్ని. ఆ రాత్రి ఎవరేం మాట్లాడారో, దేనికి నవ్వారో నాకు ఒక్క ముక్క కూడా తెలియదు. తిన్న ప్లేట్లు గీకి, ఒకదాని మీద ఒకటి పేర్చి, నీళ్లు పోసి వదిలెయ్. ఎవరైనా సాయం చేస్తామంటే వద్దనకు, ఒక్కరికి ఒక్క పని చెప్పు. "నువ్వు గ్లాసులు చూసుకో" అని చెప్పు, వాళ్లకూ బాగుంటుంది. నేల మీద నీళ్లో నూనో పడితే మాత్రం ఉన్నచోట ఉన్నట్టే ఆగి తుడువు. వేడి గిన్నె చేతిలో ఉండగా కాలు జారితే ఏమవుతుందో ఊహించడానికే నాకు భయం.

ఒక్కటే పని ఆలస్యం చెయ్యకు, మిగిలిన వంట. పొయ్యి దింపిన దగ్గర్నుంచి రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. ఎండాకాలం ఉక్కలో అయితే గంటే. 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల ఉన్నంతసేపూ బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. అన్నం సంగతి ఇంకా జాగ్రత్త. బయట ఉండిపోయిన అన్నంలో పుట్టే ఒక రకం విషం మళ్లీ వేడిచేసినా పోదు. లోతైన గిన్నెతో పెట్టేస్తే మధ్యలో గంటల తరబడి వేడిగానే ఉంటుంది, వెడల్పాటి డబ్బాల్లో రెండంగుళాల మందాన పరిచి పెట్టు. ఫోన్‌లో అలారం పెట్టుకో. మోగగానే లేచి, పది నిమిషాల్లో సర్దేసి, మళ్లీ వచ్చి వాళ్లతో కూర్చో.

నిన్నటి నుంచి మెషిన్ దగ్గరే కూర్చున్నాను. పాత కాటన్ దుప్పటి చింపి పన్నెండు గుడ్డలు కుట్టాను. ఎర్ర అంచువి నాలుగు గట్టుకి, నీలం అంచువి నాలుగు చేతులకి, అంచు లేని మందపాటివి నాలుగు వేడి గిన్నెలకి. పార్సిల్ శుక్రవారానికి అందుతుంది. ఒకసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేసి వాడు. మేకుకు వేలాడే ఆ పాతది పారెయ్, దాచుకోకు.

శనివారం అందరూ వెళ్లాక ఎంత రాత్రయినా ఒక్క ఫోన్ చెయ్యి. ఆదివారం రాత్రి కూడా చెయ్యి, అందరి ఒళ్లూ బాగున్నాయో లేదో కనుక్కుని చెయ్యి. నేను మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ