సిమెంటు గచ్చు బోసిగా ఉందని దాన్ని కప్పేయకండి

పెరట్లో 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉత్త సిమెంటు గచ్చు ఉంది, చూడ్డానికి బోసిగా ఉంది, పెయింటు వేయించాలా టైల్స్ వేయించాలా అని అడిగారు. నన్నడిగితే రెండూ వద్దు. పెయింటు మా ఇంట్లోనే వేయించి చూశాను. టైల్స్ సంగతి మా అక్కవాళ్ల ఇంట్లో చూశాను.

మాది తెనాలి. ఇల్లు కట్టేటప్పుడు పాములొస్తాయి, తేళ్లొస్తాయి అని మా మామయ్యగారు పెరడంతా కాంక్రీటు పోయించేశారు. గోడ నుంచి గోడ దాకా జానెడు మట్టి కూడా మిగల్లేదు. నాలుగైదేళ్లకి బూడిదరంగు మీద నాచు మరకలు చేరి చూడబుద్ధి కాకుండా అయింది. దీపావళికి ముందు ఆకుపచ్చ ఫ్లోర్ పెయింటు వేయించాం. వేసిన వారం ఎంత బాగుందో చెప్పలేను. మళ్లీ శ్రావణం వచ్చేసరికి అప్పడాల్లా పొక్కి లేచింది. పాదాలకి అంటుకుని ఆ పెచ్చులు వంటింట్లోకి వచ్చేవి.

కారణం తర్వాత తెలిసింది. నేల మీద నేరుగా పోసిన కాంక్రీటు కింది నుంచి చెమ్మ పీలుస్తూనే ఉంటుంది. పైన పెయింటు పొర మూత పెట్టేస్తే ఆ చెమ్మకి దారి లేక పొరనే పైకి లేపుతుంది. మీ గచ్చు సంగతి తెలియాలంటే సాయంత్రం రెండడుగుల పాలిథిన్ షీటు పరిచి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించండి. మర్నాడు పొద్దున్న షీటు లోపల నీటి బొట్లు కనిపిస్తే పెయింటు మాట మరిచిపోండి, ఎవరెన్ని గ్యారంటీలు ఇచ్చినా సరే.

టైల్స్ అంటే మా అక్క గుర్తొస్తుంది. వెనక వసారాలో నున్నటి టైల్స్ వేయించుకుంది. మొదటి వానకే బావగారు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఇంటి బయట, తడి తగిలేచోట నున్నటి టైల్ వేయమని ఎవరు చెప్పినా వినకండి.

ఇక నాపరాళ్లు. నా పుట్టిల్లు బనగానపల్లె. బేతంచెర్ల రాళ్ల మధ్యే పెరిగాను, మా ఇంట్లో నేలా అదే, అరుగూ అదే. అందుకే పెయింటు దెబ్బ తిన్నాక, వంటింటి తలుపు నుంచి బట్టలుతికే బండ దాకా నాలుగడుగుల వెడల్పున నాపరాళ్లు పరిపిద్దామని పట్టుబట్టాను. 2022 సంక్రాంతికి ముందు పని మొదలైంది. మేస్త్రి పనిమంతుడే. నీళ్లు జారిపోయేలా వాటం చక్కగా తీశాడు, సందులు సమానంగా పెట్టాడు. కానీ పాయింటింగ్ చేసేటప్పుడు, అంటే రాళ్ల సందులు సిమెంటుతో పూడ్చేటప్పుడు, సిమెంటు పాలు రాళ్ల మీద పడి అక్కడక్కడా ఎండిపోయాయి.

ఆ రోజు బ్యాంకు పని మీద వెళ్లాను. తిరిగొచ్చి గేటు తీస్తుండగానే గొంతులో మంట, కళ్లలో నీళ్లు. పెరట్లోకి పరుగెత్తాను. సుయ్‌మని చప్పుడు. రాళ్ల మీద సోడా పొంగినట్టు తెల్లటి నురగ. మేస్త్రి ఒక చేత్తో యాసిడ్ సీసా, ఇంకో చేత్తో కొబ్బరి చీపురు పట్టుకుని రుద్దుతున్నాడు.

"ఏంటి మేస్త్రీ ఇది? ఆపు, ఆపు!" అని అరిచాను.

"సిమెంటు మరక పోవాలంటే యాసిడ్ కొట్టాల్సిందేనమ్మా. టైల్స్‌కి ఎప్పుడూ ఇదేగా కొట్టేది" అన్నాడు.

నేను పైపు లాక్కుని నీళ్లు పెట్టాను. గంట సేపు కడిగాను. ఆరాక చూస్తే, నీలిమేఘంలా ఉండాల్సిన రాళ్లు బూడిద పూసినట్టు తెల్లబోయి ఉన్నాయి. చెయ్యి పెట్టి నిమిరితే గరుకుగా, పిండి పిండిగా తగిలింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మా నాన్నకి ఫోన్ చేశాను. "సున్నపురాయి మీద యాసిడ్ పోస్తే ఏం మిగులుతుంది తల్లీ? నీ చిన్నప్పుడు రాయి మీద నిమ్మరసం పిండి చూపించాను కదా" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. మా వంటింటి గట్టు మీద నిమ్మకాయ కోసిన చోటల్లా తెల్ల మచ్చలుండేవి. చింతపండు రసం ఒలికినా అంతే, అమ్మ వెంటనే తుడిచేది. బేతంచెర్ల రాయి, తాండూరు రాయి, షాబాదు రాయి, కడప బండ, అన్నీ సున్నపురాయి జాతే. పులుపంటేనే వాటికి పడదు, ఇక యాసిడ్ సంగతి చెప్పాలా? మెషీన్ పెట్టించి మళ్లీ రుద్దించాను కాబట్టి చాలావరకు తేరుకున్నాయి గానీ, కుళాయి దగ్గర ఐదు రాళ్లకి ఆ మచ్చ ఇంకా ఉంది.

కాబట్టి ఎవరైనా నాపరాళ్లు వేయిస్తుంటే పని జరిగే చోటే నిలబడండి. సిమెంటు పాలు పడ్డ వెంటనే, ఆరకముందే, రంపపు పొట్టు చల్లి తడి గోనెసంచితో రుద్దించండి. యాసిడ్ సీసా గేటు లోపలికే రానివ్వకండి. అలవాటుగా అన్నిటికీ యాసిడే కొట్టే పద్ధతి మన దగ్గర పోవాలి. రాయి పాడవడం ఒక ఎత్తు, ఒట్టి చేతులతో, ముక్కుకి గుడ్డ కూడా లేకుండా పనివాళ్లు ఆ పొగలో నిలబడటం ఇంకో ఎత్తు.

మీ గచ్చు దగ్గరికి వస్తాను. ముందు రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. పది అడుగులకి అంగుళం పైన వాటం ఉండాలి. లేకపోతే పైన ఏం చేసినా నాచే పడుతుంది. పగుళ్లుంటే అక్కడివరకు కోసి పూడ్పించండి. నడిమి భాగం అలాగే వదిలేయండి. చుట్టూ ముప్పావు అడుగు వెడల్పున రెడ్ ఆక్సైడ్ అంచు వేయించండి. పాత గచ్చుకి గాట్లు పెట్టి, కొత్త మాలు (సిమెంటు, ఇసుక కలిపింది) వేసి, అది పచ్చిగా ఉండగానే ఆక్సైడ్ కలిపిన సిమెంటు పరవాలి, తర్వాత వారం రోజులు తడపాలి. ఎండకి ఆ ఎరుపు వెలవదు. మరీ నున్నగా మాత్రం తీయనివ్వకండి.

తర్వాత ధైర్యం చేసి ఒక మూల మూడడుగుల చదరం పగలగొట్టించండి. అసలు చేయాల్సింది ఇదే. గచ్చు రంగు వల్ల మీ పెరడు బోసిగా లేదు, నీడ లేక అలా ఉంది. ఏప్రిల్‌లో రాత్రి తొమ్మిదింటికి కూడా కాంక్రీటు మీద కాలు పెడితే వేడి తగుల్తుంది కదా? మేం పగలగొట్టిస్తే కింద మట్టి లేదు. ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు, విరిగిన పైపులు వచ్చాయి. ఇల్లు కట్టినవాళ్లు చెత్తంతా అక్కడే పూడ్చి పైన కాంక్రీటు పోసేశారు. రెండడుగుల లోతు దాకా తీయించి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపి పారిజాతం నాటాను.

రెండేళ్లకి పూసింది. వర్షాలు మొదలైన దగ్గర్నుంచి చలికాలం దాకా, తెల్లవారుజామున తలుపు తీస్తే ఆ బూడిదరంగు గచ్చు మీద తెల్ల రేకులు, నారింజ కాడలు. బోర్లా పడ్డ పూల కాడలన్నీ పైకి నిలబడి ఉంటాయి. రంగురంగుల టైల్స్ మీద ఆ పూలు కనిపించవు, ఇలాంటి బోసి గచ్చు మీదే కనిపిస్తాయి. ముగ్గూ అంతే. మా అత్తయ్య నీళ్లు చల్లగానే గచ్చు నల్లబడుతుంది, దాని మీద ముగ్గు గీత మల్లెతీగలా మెరుస్తుంది. గరుకు నేల పిండిని పట్టుకుంటుంది, టైల్ మీదైతే ఫ్యాను గాలికే చెదిరిపోతుంది. అందుకే జనం ప్లాస్టిక్ ముగ్గు స్టిక్కర్లు కొనుక్కుంటున్నారు. ఏడాది పొడుగునా ఒకటే ముగ్గు, దాని కింద మట్టి. నాకది బాధగా ఉంటుంది.

పారిజాతం గింజ నుంచీ వస్తుంది, కొమ్మ నుంచీ వస్తుంది. వానలు పడ్డాక నాటితే త్వరగా అందుకుంటుంది. తెనాలి వైపు వస్తే చెప్పండి, కొమ్మ కోసి తడిగుడ్డలో చుట్టి ఇస్తాను.